లోపలి వారి తరఫున

మొన్న నల్లపాడులో మా వీధిలోకి టీకాలు వేయడానికి వచ్చారు. ఎదురింటి బుడ్డోడు, సూది ఇంకా జానెడు దూరంలో ఉండగానే, "అమ్మో, అమ్మో" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. వాళ్లమ్మకి సిగ్గేసింది. "ముట్టుకోకుండానే ఏంట్రా ఆ అరుపు?" అని వాడి నోరు మూయబోయింది. నాకు ఒళ్లు మండింది. "నోరు మూయకమ్మా! అరవనీ. అరవగలిగినవాడు అరుస్తాడు, మధ్యలో నీకేం పోయింది?" అని మా గుమ్మంలోంచే కసిరాను. ఆ అమ్మాయి నావంక వింతగా చూసింది. చూడదూ మరి! జన్మంతా సూదులు పొడిచి రిటైరైన నర్సమ్మ, పిల్లాణ్ణి ఊరుకోబెట్టడం పోయి అరవమంటోంది.

ఏం చెయ్యను? ఆ మాట నాకు నేర్పిన డాక్టరుగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆయన పేరు రాయను. గుంటూరులో ఆయన్ని ఎరిగినవాళ్లకి పేరు అక్కర్లేదు, ఎరగనివాళ్లకి పేరుతో పని లేదు. కాన్పుల డాక్టరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సెల్‌ఫోన్ మోగితే అందరూ తిరిగి చూసే రోజుల్లో, ఆయనకొక పిచ్చి పట్టింది. తల్లి కడుపు కోయకుండా, వడ్లగింజంత రంధ్రంలోంచి లోపలికి వెళ్లి, ఇంకా పుట్టని బిడ్డకి అక్కడే వైద్యం చెయ్యాలని. కొంతమంది బిడ్డలకి కడుపులో ఉండగానే మూత్రం వెళ్లే దారి మూసుకుపోతుంది. మూత్రసంచి ఉబ్బిపోతుంది, మూత్రపిండాలు పాడైపోతాయి, ఆ బిడ్డ దక్కదు. బోలుగా ఉన్న ఒక సన్నటి సూదిగొట్టాన్ని తల్లి పొట్టలోంచి దించి, దాని గుండా మెత్తటి చిన్న గొట్టం ఒకటి బిడ్డ మూత్రసంచిలో వదిలిపెట్టి వస్తే దారి తెరుచుకుంటుంది. చెప్పడం ఇంత సులువు. చేసే పనిముట్టు దొరకడానికి మాత్రం ఆయన కంపెనీల వాళ్లందరినీ కాల్చుకు తిన్నారు.

వాళ్లూ వచ్చేవాళ్లు పాపం. టై కట్టుకుని, పెట్టె పట్టుకుని, మద్రాసు నుంచో బొంబాయి నుంచో దిగి, "కొత్త మోడల్ సార్, వాడి చూసి మీ అభిప్రాయం చెప్పండి" అనేవాళ్లు. ఈయన ఆ పనిముట్టు తీసుకుని, బల్ల సొరుగులోంచి గుప్పెడు పత్తి తీసేవారు. ఆస్పత్రి దూది కాదు, జిన్నింగు మిల్లులోంచి తెప్పించిన పత్తి. అందులోంచి పనిముట్టుని మెల్లగా లాగి, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. ఒక్క పోగు అంటుకున్నా సరే, పెట్టెలో పెట్టి మూత వేసేవారు.

"సార్, దేశమంతా మెచ్చిన సరుకు సార్ ఇది."

"పత్తి మెచ్చలేదు కదయ్యా. పత్తిపోగుని పట్టుకున్నది బిడ్డ చర్మాన్ని వదులుతుందా?"

పత్తి ఒప్పుకుంటే, ఆ తర్వాత దాన్ని చెంపకి ఆనించుకునేవారు. చల్లగా తగిలితే మొహం చిట్లించేవారు. "వారు పడుకుని ఉంటారు. పడుకున్నవారి మీద చల్లటి చెయ్యి వేస్తామా?" అనేవారు.

ఆ 'వారు' ఎవరనుకున్నారు? కడుపులో ఉన్న బిడ్డ! ఆడో మగో బయటికి చెప్పకూడదని చట్టం కదా, నోరు జారుతుందేమోనన్న భయంతో మొదలుపెట్టారో ఏమో గానీ, చివరికి అది మర్యాదే అయిపోయింది. మూరెడు కూడా లేని ప్రాణికి మామగారికి ఇచ్చినంత గౌరవం. "వారు కాస్త పక్కకి తిరిగారు." "వారికి ఇవాళ హుషారుగా ఉంది." మొదట్లో మేము నర్సులం చాటుకి వెళ్లి పడీపడీ నవ్వుకునేవాళ్లం.

నేను ఆయన కంట్లో పడింది, నిజం చెప్పాలంటే చెవిలో పడింది, నా గొంతు వల్లే. మాది దాచేపల్లి దగ్గర. మా నాన్న సున్నపురాయి క్వారీలో పని చేసేవాడు. ఆ మిషన్ల హోరులో అన్నానికి రమ్మని పిలవాలంటే గొంతు చించుకోవాలి. అలా మా ఇంటిల్లిపాదికీ అవే గొంతులు వచ్చాయి. నర్సింగ్ స్కూల్లో నన్ను మైకు అనేవాళ్లు. చర్చిలో పాడేటప్పుడు చివరి వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదుపు చాలమ్మా" అనేవారు. ఒకరోజు వరండాలో రోగుల చుట్టాల మీద అరుస్తుంటే డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చారు. "ఎవరండీ ఆ గొంతు?" అన్నారు. అందరూ నావైపు వేలు చూపించారు. సరే, ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"నాకు కావలసింది ఈ గొంతే. రండి సిస్టర్" అని వెనక గదిలోకి తీసుకెళ్లారు.

అక్కడ ఒక చేపల తొట్టి ఉంది. ఇళ్లల్లో రంగు చేపలు పెంచుకుంటారే, అలాంటి గాజు తొట్టి. గోరువెచ్చటి నీళ్లు పోసి, పైన కోడి చర్మం బిగించి కట్టారు. అది తల్లి పొట్ట. లోపల ఒక రబ్బరు బొమ్మ, ఆ బొమ్మ పొట్టలో నీళ్లు నింపిన మేకపిల్ల మూత్రసంచి. ఆయన కూర్చునే వైపు గాజుకి నల్ల గుడ్డ అడ్డం. ఆయనకి స్కానింగ్ తెర మీద కనిపించేదే దిక్కు. నేను ఇటువైపు గాజు ముందు స్టూలు వేసుకుని లోపలికి చూస్తూ కూర్చోవాలి.

"పనిముట్టు వారికి తగలకూడని చోట తగిలిందనుకోండి, మీరు అరవాలి."

"ఏమని అండీ?"

"నొప్పి పుడితే ఎవరైనా ఏమని అరుస్తారండీ? అమ్మా అని. లోపలి వారు అరవలేరు సిస్టర్. నోరుంది, గాలి లేదు. వారి తరఫున ఎవరో ఒకరు అరవకపోతే, నొప్పి లేదనుకుని మనం పొడుస్తూనే ఉంటాం."

మొదటిసారి సిగ్గుపడుతూ "అమ్మా" అన్నాను. "అదేం అరుపండీ, వంటింట్లో ఆవలించినట్టు!" అని విసుక్కున్నారు. రెండోసారి అరిచాను చూడండి, కింద మందుల షాపులోంచి కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. డాక్టరుగారు పనిముట్టు పక్కన పెట్టేసి, కళ్లు మూసుకుని, దేవుడి ముందు వేసుకున్నట్టు రెండు చెంపలూ వేసుకున్నారు. "తప్పయింది, తప్పయింది" అని ఆ రబ్బరు బొమ్మకి చెప్పుకున్నారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత నేనెప్పుడు అరిచినా ఆయన అలాగే లెంపలేసుకునేవారు. ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఆ తొట్టి ఆయన పరువు తీసింది కూడా. ఆయనది చీమకుర్తి వైపు పల్లెటూరు. వాళ్ల నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. గుడ్డు వాసన కూడా గిట్టని మనిషి, ఆదివారం తెల్లారేసరికి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గుడ్డ సంచీ పుచ్చుకుని కాశిం మాంసం కొట్టు ముందు నిలబడేవారు. ఆయాని పంపించమంటే వినరు. మేకపిల్ల మూత్రసంచి మందం తన వేళ్లతోనే చూసుకోవాలట. ఇంకేముంది, పంతులుగారబ్బాయి మాంసం మరిగాడని ఊరంతా గుప్పుమంది. చుట్టాలెవరో వాళ్ల ఆవిడ దగ్గరికే వెళ్లి, "చాటుగా తినేవాళ్లు చాటుగా కొనాలి గదమ్మా" అన్నారట. కాశిం అయితే నిజంగానే జాలిపడ్డాడు. "అయ్యగారూ, ఈ సంచులేం తింటారండీ! తినాలనుంటే చక్కగా తొడ ముక్క ఇస్తాను, పట్టుకెళ్లండి. నేనెవరికీ చెప్పను" అన్నాడు. ఈయన అక్కడే, బేరాలు ఆడుతున్న జనం మధ్యలో నిలబడి, కడుపులో బిడ్డల సంగతి మొదలుపెట్టి చివరిదాకా చెప్పారు. ఆ తర్వాత కాశిం పలచటి సంచులు ఏరి, కడిగి, విడిగా ఉంచేవాడు. ఊరి పుకారు మాత్రం ఊరిదే. దాన్ని ఎవరు కడుగుతారు?

అందరు బిడ్డలూ దక్కలేదండీ. అది కూడా చెప్పాలి. ఒక బిడ్డ పోయినప్పుడు ఆయన చాలా రోజులు ఆ గదిలోకి రాలేదు. తొట్టిలో నీళ్లు పాచిపట్టాయి. నేనే పారబోసి, తోమి, మళ్లీ నింపి, "నీళ్లు వెచ్చగా ఉన్నాయండీ" అని వెళ్లి చెప్పాను. లేచి వచ్చి కూర్చున్నారు.

కోటమ్మ వచ్చింది ఆ తర్వాతే. మిర్చి యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. మొగుడు చీమకుర్తి గ్రానైటు లారీ మీద డ్రైవరు. ఏ ఊళ్లో ఉంటాడో ఆ లారీకే తెలియాలి. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఇది నిలబడి ఐదో నెల దాటాక, స్కానింగులో ఇదే జబ్బు బయటపడింది. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతోంది. వారం కూడా ఆగడానికి లేదన్నారు డాక్టరుగారు.

ఆయనకో నియమం ఉంది. తల్లికి ఆ తొట్టి చూపించాలి, లోపలికి వెళ్లే పనిముట్టు చూపించాలి. "ఇంటివాళ్లకి చెప్పకుండా ఇంట్లోకి మనిషిని పంపుతామా?" అనేవారు. నాకు భయం వేసింది. "సార్, ఈ అమ్మాయి అసలే బెదిరి ఉంది. ఇవాళ్టికి నేను అరవనండీ" అన్నాను.

"ఎందుకు అరవరు? దాచిపెట్టడానికి మనమేమైనా దొంగలమా?" అని గయ్యిమన్నారు. మంచివారే గానీ, మొండి. పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

కోటమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. కంపెనీ వాళ్ల కొత్త పనిముట్టు, వెంట్రుకంత సన్నగా తళతళలాడిపోతోంది. పత్తి ఒప్పుకుంది, చెంప ఒప్పుకుంది. డాక్టరుగారు దించారు. మొదటిసారి చక్కగా వెళ్లింది. రెండోసారి బొమ్మ తొడకి గీసుకుంది. నేను అరిచాను. నా గొంతు సంగతి మీకు చెప్పానుగా! కోటమ్మ రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "అయ్యో నా తండ్రీ, నా బిడ్డని సంపేత్తారా" అంటూ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తింది. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

డాక్టరుగారు లెంపలేసుకోవడానికి ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. "నేను చెప్పానా?" అని నేను ఆయన మీద ఎగిరాను. పెద్దా చిన్నా చూడలేదు.  ఆయన వంగి, ఆ చెప్పులు తీసి, కాశిం కొట్టుకి పట్టుకెళ్లే గుడ్డ సంచీలో పెట్టుకున్నారు. "నేను తెస్తానండీ" అంటే ఇవ్వలేదు. "పదండి" అన్నారు.

యార్డు దగ్గర ఎటు చూసినా ఎర్రటి రాశులు. ఆ ఘాటు అలవాటు లేనివాళ్లకి గుండెల్లో మంట పెట్టినట్టుంటుంది. డాక్టరుగారు లోపలికి అడుగు పెట్టారో లేదో తుమ్ములు, దగ్గు. కళ్లలోంచి నీళ్లు ధారలు. తొడిమలు తీసే ఆడవాళ్లంతా చేతులు ఆపి చూశారు. కోటమ్మ ఒక రాశి పక్కన కూర్చుని ఉంది. ఈయన ఆమె ముందు చెప్పులు పెట్టి, దగ్గుతూ అలాగే నిలబడిపోయారు. మొహమంతా కన్నీళ్లు.

కోటమ్మ లేచి నిలబడింది. "ఓయమ్మో, ఏంది బాబూ ఇది! నా బిడ్డ కోసం మీరు ఏడుస్తున్నారా?"

అదీ మంచి అవకాశం! ఔనంటే పోయేది. ఈ సత్యహరిశ్చంద్రుడు ఏమన్నారో తెలుసా? "లేదమ్మా, ఇది మీ మిరపకాయల ఘాటు" అన్నారు. నాకు నెత్తి బాదుకోవాలనిపించింది.

కోటమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏదైతేనేం. మా ఆయన ఘాటుకి కూడా ఏడవడు" అంది. అక్కడున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆమె చెప్పులు తొడుక్కుంది. "రేపొస్తా బాబూ. వచ్చి నేనే ఆ అద్దం ముందు కూకుంటా. నా కళ్లతో నేను చూసి, సరే అంటేనే."

మర్నాడు నా స్టూలు మీద కోటమ్మ కూర్చుంది. డాక్టరుగారు కొత్త పనిముట్టుకి మళ్లీ మొదటి నుంచీ పరీక్ష పెట్టారు. పత్తిలోంచి లాగి, కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డారు. నిన్న లేని పోగు ఇవాళ అంటుకుంది. ఒకసారి వాడి, మరిగించి తీసేసరికి దాని అంచు ఎక్కడో లేచింది. వాకిట్లో కంపెనీ అతను కూర్చుని ఉన్నాడు. "సార్, ఒక్క పోగే కదా సార్" అన్నాడు.  డాక్టరుగారు పోగుతో సహా దాన్ని తెచ్చి కోటమ్మ చేతిలో పెట్టారు. "దీన్ని పంపించేస్తున్నానమ్మా. పాతది ఒకటుంది. కాస్త లావు, నీకు నొప్పి ఎక్కువ. లోపలి వారికి మాత్రం తక్కువ. నువ్వు చెప్పు."

కోటమ్మ ఆలోచించనైనా లేదు. "నాకు నొప్పైతే నేను అరుస్తాగా. లావుదే పెట్టండి" అంది.

పాత దాన్ని తొట్టిలోకి దించినంతసేపూ ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని గాజుకేసి చూస్తూనే ఉంది. అరవలేదు. చివరికి కొంగు తీసి, "ఊఁ" అంది.

ఆపరేషన్ బల్ల మీద కోటమ్మ మెలకువగానే ఉంది. పొట్ట మీద ఒకచోట మత్తు సూది, అంతే.  డాక్టరుగారు తెరకేసి చూస్తూ సూదిగొట్టం దించుతున్నారు. సగంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

"సిస్టర్, మీరేమీ అనరేం?"

"నాకు కనపడదు కదండీ."

"అవును కదూ" అన్నారు. అన్నారే గానీ చెయ్యి కదలదు. ఇన్నాళ్లూ తప్పు చేస్తే అరిచే మనిషి ఒకరుండేవారు. ఇక్కడ గాజు లేదు, బొమ్మ కాదు. ఆయన అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. 

బల్ల మీద నుంచి కోటమ్మ అంది: "కానీండి బాబూ. ఆడికి తగిల్తే నాకు తెలవదా? నేనరుస్తాగా."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని దించారు. మెత్తటి గొట్టం మూత్రసంచిలోకి వెళ్లి, కొస జంతికలా చుట్టుకుని నిలబడింది. తెర మీద నల్లగా ఉబ్బిన ఆ సంచి, చూస్తుండగానే మెల్లమెల్లగా చిన్నదైపోయింది. కోటమ్మ అరవలేదు.

నెలలు పూర్తిగా నిండకుండానే ఆమెకి నొప్పులొచ్చాయి. కాన్పు చేసింది డ్యూటీ డాక్టరమ్మ, పక్కన నేను. మా డాక్టరుగారు లోపలికి రానన్నారు. తలుపు బయట గోడకి ఆనుకుని నిలబడ్డారట, కళ్లు మూసుకుని. బిడ్డ బయటికొచ్చాడు. నీలంగా ఉన్నాడు, చప్పుడు లేదు. డాక్టరమ్మ నోట్లో తెమడ తీసి, వీపు రుద్దుతోంది. "ప్రభువా, ప్రభువా" అనుకుంటున్నాను లోలోపల. కోటమ్మ తలెత్తి, "ఏడవలేదేందక్కా? ఏడవలేదేంది?" అంటోంది. వాడు ఒకసారి ఎక్కిళ్లు పెట్టినట్టు కదిలాడు. ఆ తర్వాత అరిచాడు చూడండి, మా క్వారీ వాళ్ల పిల్లలు కూడా పనికిరారు.

బయట నుంచి తలుపు మీద దబదబా బాదారు. "సిస్టర్! అది మీరా, వారా?"

"వారేనండీ!" అని అరిచాను. "వారేనండీ డాక్టరుగారూ!"

అప్పుడు లోపలికొచ్చారు. ఈసారి ఆ కళ్లల్లో నీళ్లకి మిరపకాయల ఘాటు సాకు లేదు. గుక్కపట్టి ఏడుస్తున్న ఆ పసిగుడ్డు మీదికి వంగి, "ఏరా వెధవా, ఇంకా గట్టిగా అరువు. నీ గొంతు నీకొచ్చేసింది, ఇంక సిస్టరుతో నీకు పనిలేదు" అన్నారు. పుట్టేసరికి మర్యాదలన్నీ పోయాయి.

ఇదంతా చెప్పింది ఇందుకే. పోయిన సంవత్సరం ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసి ఆస్పత్రికి పరిగెత్తాను. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. పొద్దుటి పూట, ఐసీయూలో జనం హడావుడి. ఒక చిన్న నర్సు ఆయన ముక్కులోంచి ఆహారం గొట్టం వేస్తోంది. చెడ్డ పిల్ల కాదు, పని తొందర. గొట్టం ఎక్కడో అడ్డం పడింది, అయినా తోస్తూనే ఉంది. ఆయన మొహం ఎర్రబడిపోయింది. కంటి కొసల నుంచి నీళ్లు దిండు మీదికి జారుతున్నాయి. నోరు తెరుచుకుంది గానీ అందులోంచి ఏ శబ్దమూ రాలేదు. ఆ పిల్ల ఆయన మొహంకేసి చూడటమే లేదు.

"అమ్మా!"

ఆ అరుపు నాదే. ఆ హాలంతా నిలువునా ఆగిపోయింది. ఆ పిల్ల చేతిలో గొట్టం కూడా ఆగిపోయింది. "ఎవరండీ మీరు? ఎందుకలా అరుస్తున్నారు?" అంది.

"ఆయన తరఫున అరుస్తున్నానమ్మా. ఆయన అరవలేరు. తీసేసి, జెల్లీ రాసి, మెల్లగా వెయ్యి. నేనిక్కడే ఉంటాను" అన్నాను. పాపం, వెంటనే తీసేసింది.

నేను ఆయన తలగడ దగ్గరికి వెళ్లాను. ఆయన నావైపు చూడలేదు. కళ్లు మూసుకున్నారు. బాగున్న ఎడమ చెయ్యి పక్క మీద నుంచి లేచింది. ఎక్కడికి వెళుతోందో నాకు మొదట అర్థం కాలేదు. అది మెల్లగా వెళ్లి ఆయన చెంపకి తగిలింది. మళ్లీ లేచి, ఇంకోసారి తగిలింది.

నొప్పి ఆయనది, అరుపు నాది. లెంపలు మాత్రం ఆయనే వేసుకున్నారు.